ఓడెక్కిన మేనల్లుడు: జోసెఫ్ కాన్రాడ్

ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు మర్చంట్ నేవీ మాట వస్తుంది. మంచి జీతం, తెల్లటి యూనిఫాం, దేశదేశాలు తిరగొచ్చన్నది పిల్లల ఆశ. నెలల తరబడి బిడ్డ కంటికి కనిపించకుండా ఎలా అన్నది పెద్దవాళ్ల బెంగ. దాదాపు 150 ఏళ్ల కిందట పోలండ్ దేశానికి చెందిన ఒక కుటుంబం సరిగ్గా ఇదే ఇరకాటంలో పడింది. పదహారేళ్ల పిల్లవాడు సముద్రం మీదికి వెళ్తానని పట్టుబట్టాడు. అతనికి తల్లీ తండ్రీ లేరు. నిర్ణయం తీసుకోవలసింది మేనమామ.

ఆ పిల్లవాడే తర్వాతి రోజుల్లో జోసెఫ్ కాన్రాడ్ అన్న పేరుతో ఇంగ్లిష్ సాహిత్యంలో నిలిచిపోయాడు. లార్డ్ జిమ్, హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్ వంటి పుస్తకాల ద్వారా మనలో చాలామందికి ఆయన తెలుసు. కానీ రచయిత కాకముందు ఆయన దాదాపు ఇరవై ఏళ్లు సరుకు ఓడలనే నమ్ముకుని బతికాడు. పరీక్షలు తప్పాడు, గాయపడ్డాడు, పని దొరక్క ఒడ్డున పడిగాపులు పడ్డాడు. ఈ నెల చెప్పుకోబోయేది ఆ ఇరవై ఏళ్ల గురించి, ఆ కాలమంతా వెనక నిలబడిన మేనమామ గురించి.

అమ్మానాన్నలు లేని బాల్యం

కాన్రాడ్ అసలు పేరు యూజెఫ్ టెయోడోర్ కొన్రాడ్ కొజెన్యోవ్‌స్కీ. 1857 డిసెంబర్ 3న బెర్డిచీవ్‌లో పుట్టాడు. ఇప్పుడది ఉక్రెయిన్‌లో ఉంది. ఆ రోజుల్లో పోలండ్ అన్న దేశం పటంలోనే లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా దాన్ని పంచుకున్నాయి. తండ్రి అపోలో కవి, అనువాదకుడు, స్వాతంత్ర్యం కోసం పనిచేసినవాడు. ఆ నేరానికి రష్యా ప్రభుత్వం 1862లో ఆయన్ను ఉత్తరాన చలి ప్రాంతమైన వోలొగ్డాకు పంపేసింది. భార్య, నాలుగేళ్ల కొడుకు కూడా ఆయన వెంట వెళ్లారు.

ఆ కష్టాలకు తల్లి ఎవెలీనా తట్టుకోలేకపోయింది. 1865లో క్షయతో చనిపోయింది. నాలుగేళ్ల తర్వాత తండ్రీ పోయాడు. పదకొండేళ్లకే పిల్లవాడు ఒంటరివాడయ్యాడు. అప్పుడు బాధ్యత తీసుకున్నది తల్లి అన్నయ్య తడేయుష్ బొబ్రోవ్‌స్కీ. ఆయనకు అప్పటికే భార్య లేదు. 1871లో ఒక్కగానొక్క కూతురూ చనిపోయింది. ఇక మేనల్లుడే ఆయన లోకం.

ఈ ఇద్దరి స్వభావాలు వేరు. మేనమామ లెక్క ప్రకారం నడిచే మనిషి, జాగ్రత్తపరుడు. మేనల్లుడు తరచూ జబ్బుపడే పిల్లవాడు, బడి చదువు ఒక వరసలో సాగినవాడు కాదు, ఊహలెక్కువ. విక్టర్ హ్యూగో రాసిన సముద్ర నవల ఒకదాన్ని తండ్రి పోలిష్‌లోకి అనువదిస్తే, అచ్చు కాగితాల మీదే చదివేశాడు. భూగోళ పటాలంటే ప్రాణం. సముద్రాన్ని చూడకముందే నావికుడు కావాలని నిశ్చయించుకున్నాడు.

వద్దని చెప్పి చూశారు

ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోయారు. ఆ వంశంలో ఓడ ఎక్కినవాళ్లు లేరు. 1873లో మేనమామ ఒక ఉపాయం చేశాడు. ట్యూటర్‌ను తోడిచ్చి స్విట్జర్లాండ్ యాత్రకు పంపాడు. దారిలో నచ్చజెప్పి ఈ పిచ్చి వదిలించమని ట్యూటర్‌కు అప్పగించిన పని. రోజుల తరబడి వాదించిన ట్యూటర్ చివరికి తానే చేతులెత్తేశాడు.

మేనమామ లొంగిపోవడానికి మరో కారణం కూడా ఉంది. రాజకీయ ఖైదీ కొడుకు కాబట్టి రష్యా ప్రజగానే ఉండిపోతే ఏళ్ల తరబడి సైన్యంలో పనిచేయవలసి రావచ్చు. అందుకే 1874 అక్టోబర్‌లో క్రాకోవ్ నుంచి రైలెక్కించి ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవుకు పంపాడు. అక్కడ తెలిసినవాళ్లకు అప్పగించాడు. ఏటా ఖర్చులకు ఇంత అని నిర్ణయించాడు.

మొదటి మూడు నాలుగేళ్లు బాగా సాగలేదు. ఫ్రెంచి ఓడల మీద వెస్టిండీస్ దాకా వెళ్లివచ్చాడు. పని నేర్చుకున్నాడు గానీ ఒడ్డున ఉన్నప్పుడు చేతికి ఎముక లేనట్టు ఖర్చుపెట్టాడు. తర్వాత పెద్ద దెబ్బ తగిలింది. రష్యా ప్రజ కనుక వాళ్ల కాన్సులేటు అనుమతి లేకుండా ఫ్రెంచి ఓడల్లో పనిచేయకూడదని తేలింది. చేతిలో ఉద్యోగం పోయింది. ఉన్న డబ్బు పోయింది. అప్పు తెచ్చింది జూదంలో పోయింది. 1878 తొలినెలల్లో, ఇరవై ఏళ్ల వయసులో, ఆ యువకుడు ప్రాణం తీసుకోబోయాడు. అదృష్టవశాత్తు బతికాడు.

తంతి అందుకున్న మేనమామ కీవ్ నుంచి మార్సెయ్‌కి పరుగెత్తుకొచ్చాడు. అప్పులన్నీ తీర్చాడు. బయటివాళ్లకు వేరే కారణం చెప్పి పిల్లవాడి పరువు కాపాడాడు. రెండు వారాలు పక్కనే ఉన్నాడు. చీవాట్లు పెట్టలేదని కాదు, తర్వాతి ఉత్తరాల్లో గట్టిగానే పెట్టాడు. కానీ ముందు పక్కన కూర్చున్నాడు. సముద్రం మానేసి ఇంటికి రమ్మని బలవంతపెట్టలేదు. ఈ దేశం కాకపోతే ఏ దేశపు ఓడల్లో పని దొరుకుతుందని ఇద్దరూ కలిసి ఆలోచించారు. ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా పెద్ద వాణిజ్య నౌకాదళం బ్రిటన్‌ది. విదేశీ నావికులను చేర్చుకోవడానికి అక్కడ అన్ని పేచీలు లేవు.

కింది మెట్టు నుంచి

1878 జూన్‌లో ఇంగ్లండ్‌లోని లోస్టాఫ్ట్ రేవులో దిగేనాటికి అతనికి వచ్చిన ఇంగ్లిష్ అంతంతమాత్రం. తీరం వెంబడి బొగ్గు మోసే చిన్న ఓడలో చేరాడు. లోస్టాఫ్ట్, న్యూకాజిల్ మధ్య తిరుగుతూ తోటి కళాసీల నోట విని ఆ భాష నేర్చుకున్నాడు. రాబోయే రోజుల్లో ప్రపంచం మెచ్చే నవలలు రాసిన ఇంగ్లిష్‌కు మొదటి బడి బొగ్గు ఓడే. ఆ ఏడాది అక్టోబర్‌లో ఉన్ని మోసే తెరచాప ఓడలో పేరుకే జీతంతో ఆస్ట్రేలియా వెళ్లాడు.

తెరచాప ఓడలో రోజు ఎలా గడిచేదో కాస్త చెప్పుకోవాలి. సిబ్బందిని రెండు జట్లు చేసేవారు. ఒక జట్టు నాలుగు గంటలు డెక్ మీద ఉంటే మరో జట్టుకు విశ్రాంతి. మళ్లీ నాలుగు గంటలకు మార్పు. అంటే ఏకబిగిన నాలుగు గంటలకు మించి నిద్ర ఉండదు. ఆ నిద్రకూ పూచీ లేదు. గాలి తిరగబడితే అందరూ పైకి రావాల్సిందే. చీకట్లో, వానలో, ఊగిపోయే స్తంభాలెక్కి తడిసి బిగుసుకున్న తెరచాపలను చేతులతో చుట్టాలి. తిండి ఎక్కువగా ఉప్పు వేసి నిల్వ చేసిన మాంసం, రాయిలాంటి బిస్కెట్లు. ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు మూడు నెలల పైనే. అన్నాళ్లూ ఇంటి నుంచి కబురు ఉండదు.

పై మెట్టు ఎక్కాలంటే ప్రభుత్వ పరీక్షలున్నాయి. సెకండ్ మేట్, ఫస్ట్ మేట్, చివరికి మాస్టర్, అంటే కెప్టెన్. ఒక్కో పరీక్షకు ముందు సముద్రం మీద ఇంత కాలం పనిచేసి ఉండాలన్న నియమం. 1880 మేలో కాన్రాడ్ సెకండ్ మేట్ పరీక్ష పాసయ్యాడు.

మంటల్లో బొగ్గు ఓడ

1881లో పాలస్తీన్ అనే పాత ఓడలో సెకండ్ మేట్‌గా చేరాడు. న్యూకాజిల్ నుంచి బ్యాంకాక్‌కు బొగ్గు తీసుకెళ్లాలి. ఇంగ్లిష్ చానల్ దాటకముందే తుఫానులో ఓడకు చిల్లులు పడ్డాయి. సిబ్బంది పంపులు కొట్టీ కొట్టీ ఫాల్మత్ రేవుకు తెచ్చారు. మరమ్మతులకు నెలల మీద నెలలు పట్టింది. 1882 సెప్టెంబర్‌లో మళ్లీ బయల్దేరారు.

1883 మార్చిలో సుమత్రా తీరం దగ్గర సరుకు అడుగు నుంచి పొగ వచ్చింది. గుట్టగా పోసిన బొగ్గు లోలోపల గాలితో కలిసి నెమ్మదిగా వేడెక్కుతుంది. వేడి బయటికి పోయే దారి లేకపోతే దానంతటదే అంటుకుంటుంది. నీళ్లు పోశారు, కొంత బొగ్గు సముద్రంలో పారేశారు. చేరిన వాయువుకు ఓడ పైభాగం పేలిపోయింది. చివరికి పడవల్లోకి దిగి దగ్గరలోని రేవుకు చేరారు. ఓడ మునిగింది గానీ మనుషులంతా బతికారు. సింగపూర్‌లో జరిగిన విచారణ సిబ్బంది తప్పేమీ లేదని తేల్చింది. ఈ అనుభవమే తర్వాత ఆయన చేతిలో యూత్ అన్న కథ అయింది. బొగ్గు తనంతట తానే వేడెక్కే ప్రమాదం సరుకు ఓడలకు ఈనాటికీ ఉంది. అందుకే బొగ్గు రవాణాకు ప్రత్యేక నియమాలున్నాయి.

మద్రాసులో దిగిపోయిన మేట్

తర్వాతి ఉద్యోగం కాన్రాడ్‌ను మన తీరానికి తెచ్చింది. రివర్స్‌డేల్ అనే తెరచాప ఓడలో సెకండ్ మేట్‌గా 1884 ఏప్రిల్‌లో మద్రాసు చేరాడు. అక్కడ కెప్టెన్‌తో చెడింది. ఓడ దిగిపోవలసి వచ్చింది. నావికుడు ఓడ వదిలేటప్పుడు ఇచ్చే కాగితంలో పనితనానికి ఒక గడి, ప్రవర్తనకు ఒక గడి ఉంటాయి. ప్రవర్తన గడిలో ఏ అభిప్రాయమూ చెప్పడానికి కెప్టెన్ ఒప్పుకోలేదు. మాటల్లో చెప్పకపోయినా అది మచ్చే. తర్వాతి ఓడవాళ్లు ముందు చూసేది ఆ కాగితాన్నే.

కాన్రాడ్ దిగిన కొద్ది రోజులకే ఆ ఓడ మచిలీపట్నం దగ్గర ఇసుకమేటల మీదికెక్కి కూరుకుపోయింది. మేట లోతు తక్కువ తీరం పెద్ద ఓడలకు ఎంత ప్రమాదమో కృష్ణా జిల్లా వాళ్లకు చెప్పనక్కరలేదు. విచారణలో తప్పు కెప్టెన్‌దేనని తేలింది. కానీ కాన్రాడ్ కాగితంలో ఖాళీ గడి అలాగే ఉండిపోయింది. ఆయన మద్రాసులో రైలెక్కి బొంబాయి వెళ్లాడు. అక్కడ నార్సిసస్ అనే ఓడలో పని సంపాదించి యూరప్ చేరాడు. 1897లో ఆ ప్రయాణాన్ని ఆధారం చేసుకునే ఒక నవల రాశాడు.

రెండు పరీక్షలు, రెండు ఓటములు

అదే ఏడాది నవంబర్‌లో లండన్‌లో ఫస్ట్ మేట్ పరీక్షకు కూర్చుని తప్పాడు. ఓడ ఒక రోజంతా ఏ దిక్కున ఎంత దూరం వెళ్లిందో లెక్కగట్టి, ఇప్పుడెక్కడుందో తేల్చే భాగం ఉంటుంది. అక్కడే పొరపడ్డాడు. కొద్ది వారాల్లోనే మళ్లీ రాసి డిసెంబర్‌లో పాసయ్యాడు. 1886లో మాస్టర్ పరీక్షలోనూ మొదటిసారి తప్పాడు. ఈసారి కూడా లెక్కలే. నవంబర్‌లో రెండోసారి రాసి గట్టెక్కాడు. అదే ఏడాది బ్రిటిష్ పౌరసత్వమూ వచ్చింది.

ఇక్కడో విచిత్రం ఉంది. పెద్దవాడయ్యాక రాసిన జ్ఞాపకాల్లో ఆయన ఈ పరీక్షల గురించి సరదాగా చెప్పాడు గానీ తప్పిన సంగతి ఎక్కడా ఎత్తలేదు. రికార్డులు బయటపెట్టాయి. అంతటి రచయితకు కూడా, అన్నేళ్ల తర్వాత కూడా, ఫెయిలయ్యానని చెప్పుకోవడం కష్టమైంది. మార్కుల కాగితం పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయే పిల్లల్ని చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సరుకు సర్దడం నేర్పిన పాఠం

1887లో హైలాండ్ ఫారెస్ట్ అనే ఓడకు ఫస్ట్ మేట్ అయ్యాడు. సరుకు ఎక్కించే బాధ్యత మేట్‌దే. ఆమ్‌స్టర్‌డామ్‌లో జావాకు సరుకు ఎక్కిస్తూ బరువంతా బాగా కిందికి సర్దించాడు. బరువు కింద ఉంటే ఓడ తిరగబడదు కదా అనిపిస్తుంది. నిజమే, కానీ మరీ కిందికి వెళ్తే ఇంకో చిక్కు. అడుగున బరువున్న బొమ్మను పక్కకి తోస్తే ఎంత విసురుగా లేచి నిలబడుతుందో ఓడా అంతే. ప్రతి అలకూ పక్కకి ఒరిగి ఒక్క కుదుపుతో వెనక్కి వస్తుంది. ఆ కుదుపులకు పైనున్న కొయ్యలు విరుగుతాయి.

అదే జరిగింది. విరిగిన కొయ్య ఒకటి వచ్చి కాన్రాడ్ వీపు మీదే పడింది. నడవడం కష్టమై జావాలో ఓడ దిగి, సింగపూర్ ఆస్పత్రిలో చేరాడు. తాను సర్దించిన సరుకు ఫలితం తన వీపుకే తగిలిందని ఆయన తర్వాత దాచకుండా రాసుకున్నాడు.

కెప్టెన్ అయిన మొదటి నెల

1888 జనవరిలో, ముప్పై ఏళ్ల వయసులో ఆయనకు బ్యాంకాక్‌లో ఒటాగో అనే ఓడ అప్పగించారు. పాత కెప్టెన్ సముద్రంలోనే చనిపోయాడు. సిబ్బందిలో చాలామంది జబ్బుపడ్డారు. సింగపూర్ దాకా దాదాపు 800 మైళ్లు. గాలి లేక, జ్వరాలతో మూలిగే మనుషులతో ఆ దూరానికి మూడు వారాలు పట్టింది. తెరచాప ఓడకు తుఫాను ఎంత శత్రువో గాలి లేకపోవడం అంత శత్రువు. కెప్టెన్ కుర్చీ అంటే ఏమిటో మొదటి నెలలోనే తెలిసొచ్చింది. అందరి ప్రాణాలూ తన చేతిలో, సలహా అడగడానికి పైన ఎవరూ లేరు. ఏడాది దాటాక ఒటాగో వదిలాడు. సముద్రం మీద ఆయన కెప్టెన్‌గా నడిపిన ఓడ అదొక్కటే.

మాస్టర్ సర్టిఫికెట్ ఉన్నా మళ్లీ కెప్టెన్ ఉద్యోగం దొరకలేదు. కాలం మారిపోతోంది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఆవిరి ఓడలదే పైచేయి. అవి పెద్దవి, వేగమైనవి. ఒక్క ఆవిరి ఓడ పలు తెరచాప ఓడల పని చేసేది. కెప్టెన్ల సంఖ్య ఎక్కువ, ఓడలు తక్కువ. 1889లో లండన్‌లో పని కోసం ఎదురుచూస్తూనే మొదటి నవల మొదలుపెట్టాడు. 1890లో కాంగో నదికి వెళ్లి ఆరోగ్యం పాడుచేసుకుని వచ్చాడు. తర్వాత టారెన్స్ అనే ప్రయాణికుల ఓడలో కెప్టెన్ హోదా వదులుకుని ఫస్ట్ మేట్‌గా రెండుసార్లు ఆస్ట్రేలియా వెళ్లాడు. చివరి ఉద్యోగం అడోవా అనే ఆవిరి ఓడలో, సెకండ్ మేట్‌గా. ఆ ఓడ ప్రయాణికులు కుదరక ఫ్రాన్స్‌లోని రువాన్‌లో వారాల తరబడి కట్టేసి ఉండి వెనక్కి వచ్చింది. 1894 జనవరిలో కాన్రాడ్ దిగిపోయాడు. మళ్లీ ఓడ ఉద్యోగం దొరకలేదు.

లెక్క చూస్తే, క్రాకోవ్ వదిలిన దాదాపు పంతొమ్మిదేళ్లలో ఓడల మీద పనిచేసింది పదేళ్ల ఎనిమిది నెలలు. మిగతాదంతా పని వెతుకులాట, చదువు, జబ్బు, ఎదురుచూపు.

మేనమామ లెక్కల పుస్తకం

ఈ కాలమంతా బొబ్రోవ్‌స్కీ ఒక పుస్తకంలో మేనల్లుడి కోసం పెట్టిన ప్రతి ఖర్చూ రాసుకుంటూ వచ్చాడు. ఏ ఏడాది ఎంత పంపాడు, ఏ అప్పు తీర్చాడు, ఎందుకు తీర్చాడు, అన్నీ. కొన్ని చోట్ల దెప్పిపొడుపులు కూడా. చివర్లో మొత్తం వేశాడు. మేనల్లుణ్ణి మనిషిని చేయడానికి అయిన ఖర్చు 17,454 రూబుళ్లు, మూలధనంగా విడిగా ఇచ్చింది మరో 3,600. ఫీజు రసీదులు దాచుకునే ఏ తల్లిదండ్రులకైనా ఆ పుస్తకం చూస్తే ముందు నవ్వొస్తుంది.

కానీ ఆ పద్దుల పక్కనే ఉత్తరాలున్నాయి. పరీక్ష పాసైతే పొంగిపోయేవాడు. ఓడ మునిగితే కంగారుపడేవాడు. ఆ నిర్ణయం తనకు నచ్చలేదని అప్పుడప్పుడూ గుర్తుచేసినా, ఒకసారి తీసుకున్నాక మేనల్లుడు దాన్ని చివరిదాకా నిలబెట్టుకోవాలని కోరేవాడు. 1890లో మేనల్లుడు పదహారేళ్ల తర్వాత సొంత గడ్డకు వచ్చి ఆయన ఇంట్లో గడిపాడు. 1893లో మరోసారి వచ్చాడు. అదే ఆఖరి చూపు.

1894 ఫిబ్రవరిలో బొబ్రోవ్‌స్కీ చనిపోయాడు. మేనల్లుడు ఆఖరి ఓడ దిగి నెల కూడా కాలేదు. మరుసటి ఏడాది కాన్రాడ్ మొదటి నవల ఆల్మేయర్స్ ఫాలీ వెలువడింది. అందులో అంకితం పేజీలో ఉన్నది మేనమామ పేరులోని తొలి అక్షరాలు. ఆ పుస్తకాన్ని ఆయన చూడలేదు. కాన్రాడ్ తర్వాత మూడు దశాబ్దాలు రాసి, 1924 ఆగస్టు 3న ఇంగ్లండ్‌లో కన్నుమూశాడు.

ఈనాటి మాట

ఇప్పటి ఓడల్లో ఇంటికి ఫోను చేసుకోవచ్చు. అంతర్జాతీయ నియమాల ప్రకారం సిబ్బందికి 24 గంటల్లో కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలి. కానీ డెక్ ఆఫీసర్ల మెట్లు ఈనాటికీ అవే, సెకండ్ మేట్ నుంచి మాస్టర్ దాకా. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండటం, ఒక కాంట్రాక్టుకూ మరో కాంట్రాక్టుకూ మధ్య ఎదురుచూపులు కూడా పోలేదు.

మీ అబ్బాయి లేదా అమ్మాయి ఈ దారి అడిగితే మూడు పనులు ముందు చేయండి. రంగులు గుర్తుపట్టే సామర్థ్యంతో సహా కంటి పరీక్ష చేయించండి. అది తప్పితే డెక్ మీద ఉద్యోగం ఉండదు. చేరబోయే సంస్థకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ గుర్తింపు ఉందో లేదో ఆ కార్యాలయం ఇచ్చే జాబితాలోనే చూడండి, ఏజెంటు మాట మీద డబ్బు కట్టకండి. మన విశాఖపట్నంలోనే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది. వీలైతే పదేళ్లు ఓడల్లో పనిచేసినవారితో పిల్లల్ని ఒక గంట మాట్లాడించండి. జీతం ఒక్కటే కాదు, ఖాళీగా ఉన్న నెలల గురించీ అడగమనండి.

ఆ తర్వాత ఒప్పుకోవాలో వద్దో మీ ఇష్టం. ఒప్పుకున్నా, వద్దన్నా ఒకటి మాత్రం ఇంట్లో ఇప్పుడే చెప్పి ఉంచండి. పరీక్ష తప్పినా, డబ్బు పోయినా, తప్పు చేసినా, ముందు ఇంటికే ఫోను చేయాలని. మార్సెయ్‌లో ఇరవై ఏళ్ల యువకుడికి ఆ మాట ఎవరూ ముందుగా చెప్పి ఉంచలేదు. మేనమామ పరుగెత్తుకొచ్చాడు గానీ, తంతి అందాకే రాగలిగాడు.